మందులను ధిక్కరించు సూక్ష్మజీవి: సెగవ్యాధిపై ప్రపంచపు కాపలా

భద్రాచలమువద్ద గోదావరి నీటిమట్టము 43 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు రెండవదానిని, 53 అడుగులకు మూడవదానిని అధికారులు ప్రకటింతురు. వరద వచ్చుట మానవుని చేతిలో లేదు. కాని నీరెంత పెరిగినదో గంటగంటకు కొలిచి చెప్పగలిగినచో లంకగ్రామముల ప్రజలు ముందుగానే మెరక చేరవచ్చును. కొలుచువాడు లేనిచో నీరు వాకిట నిలిచిన పిమ్మటగాని సంగతి తెలియదు.

వైద్యశాస్త్రమునందును ఇట్టి కొలత ఒకటి కలదు. రోగములను కలిగించు సూక్ష్మజీవులు ఆంటిబయోటిక్ మందులకు ఎంతవరకు లొంగుచున్నవి, ఎంతవరకు లొంగకున్నవి అను విషయమును ఏటేట, దేశదేశమున కొలిచి లెక్క వేయుచుందురు. ఈ కొలత మిక్కిలి అవసరమైన వ్యాధులలో ఒకటి గనేరియా. తెలుగునాట దీనిని సెగవ్యాధి అందురు. సుఖవ్యాధులను గూర్చి బహిరంగముగా మాటాడుటకు జనులు సంకోచింతురు. ఆ సంకోచమే ఆ వ్యాధులకు పెట్టని కోటయైనది. శాస్త్రదృష్టితో చూచినచో సూక్ష్మజీవి తెలివి, మానవుని తెలివి పోటీపడిన కథలలో ఇంత విపులమైనది మరియొకటి అరుదు.

వ్యాధి, దాని కారకము

1879లో ఆల్బర్ట్ నైసర్ అను జర్మను వైద్యుడు రోగుల చీమును సూక్ష్మదర్శినిలో పరీక్షించి ఈ వ్యాధికి మూలమైన సూక్ష్మజీవిని కనుగొనెను. రెండు చిక్కుడు గింజలను ఎదురెదురుగా ఉంచినట్లు జంటలుజంటలుగా ఇది కనిపించును. ఆయన పేరుమీదుగనే దీనికి నైసీరియా గొనోరియే అను పేరు వచ్చినది. వాడుకలో దీనిని గోనోకాకస్ అందురు.

ఈ సూక్ష్మజీవి మానవునియందు తప్ప ప్రకృతిలో మరి ఏ ప్రాణియందును నివసింపదు. శరీరము వెలుపల చలికిని, ఎండుదనమునకును తాళలేక త్వరలో చచ్చును. కావున ఇది గాలివలనగాని, నీటివలనగాని వ్యాపింపదు. లైంగిక సంపర్కము వలనను, ప్రసవ సమయమున తల్లినుండి బిడ్డకును సంక్రమించును. పురుషులలో మూత్రమునకు పోవునప్పుడు మంట, చీము కారుట సాధారణముగా కనిపించును. స్త్రీలలో అనేకులకు ఏ లక్షణమును కనిపింపదు. గొంతులో చేరినప్పుడు కూడ చాలమందికి ఏమియు తెలియదు. చికిత్స లేనిచో స్త్రీలలో గర్భాశయమునుండి అండవాహికలకు పాకి, వానిని మూసి సంతానహీనతకు కారణమగును.

పసిబిడ్డలకు కలుగు హాని మరింత దారుణమైనది. పుట్టునప్పుడు కన్నులలో ఈ సూక్ష్మజీవి చేరి కొద్ది దినములలోనే చూపును పోగొట్టగలదు. లైప్‌జిగ్ నగరమున ప్రసూతివైద్యుడైన కార్ల్ క్రేడే పుట్టిన బిడ్డల కన్నులలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసి ఈ అంధత్వమును నివారింపవచ్చునని 1881లో ప్రకటించెను. ఆంటిబయోటిక్ మందులు పుట్టుటకు ఎన్నో ఏండ్లకు పూర్వమే వేలకొలది శిశువుల చూపు దీనివలన నిలిచినది.

2020వ సంవత్సరమున 15 నుండి 49 ఏండ్ల వయసువారిలో క్రొత్తగా 8 కోట్ల 20 లక్షలకు పైగా సెగవ్యాధి సంక్రమణములు కలిగినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంతటి సంఖ్యలో ఉన్న వ్యాధికి మందు పనిచేయక పోయినచో ఏమగునో ఊహింపవచ్చును.

ఒకదాని వెనుక ఒకటి

1930 దశకపు చివరను సల్ఫా మందులు ఈ వ్యాధిపై ప్రయోగింపబడెను. మొదట ఫలితము అద్భుతముగా ఉండెను. కాని పదియేండ్లు గడవకముందే, 1940 దశకపు మధ్యకు, ఆ మందులకు లొంగని సూక్ష్మజీవులు విస్తరించెను. అదృష్టవశమున 1943లో పెనిసిలిన్ రంగమునకు వచ్చినది. అప్పట్లో సుమారు 1,60,000 యూనిట్ల పెనిసిలిన్ ఒక రోగిని బాగుచేయుటకు చాలెడిది. క్రమముగా ఆ మోతాదు చాలకుండెను. వైద్యులు మోతాదు పెంచిరి, సూక్ష్మజీవి ఓర్పు పెంచుకొనెను. 1970 దశకమునాటికి 48,00,000 యూనిట్లు, అనగా మొదటిదానికి ముప్పది రెట్లు, ఇచ్చుటేకాక ఆ మందు శరీరమునుండి త్వరగా పోకుండ ప్రొబెనిసిడ్ అను మరియొక మందును జతచేయవలసివచ్చెను.

1976లో దెబ్బ మరియొక దిక్కునుండి తగిలెను. పెనిసిలిన్‌ను ముక్కలు చేయు కిణ్వమును స్వయముగా తయారుచేసికొను గోనోకాకస్‌లు అమెరికా, ఇంగ్లండు దేశములలో బయటపడెను. వాని మూలములను వెదుకగా కొన్ని తూర్పు ఆసియాకును, కొన్ని పశ్చిమాఫ్రికాకును చేరెను. ఇక మోతాదు పెంచి ప్రయోజనము లేకపోయెను.

టెట్రాసైక్లిన్ మందులకును ఇదే గతి పట్టెను. ఈ మందుల కుటుంబమునకు ఆద్యమైన ఆరియోమైసిన్, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనాధిపతిగా నున్న లెడర్లీ ప్రయోగశాలలలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్నది. 1985లో ఈ మందులను తీవ్రముగా ఎదిరించు గోనోకాకస్‌లు అమెరికాలో గుర్తింపబడెను. కొరియాలోని అమెరికను సైనికులకు 1981నుండి స్పెక్టినోమైసిన్‌ను ప్రధాన ఔషధముగా ఇచ్చిరి. నాలుగేండ్లలోనే ఆ చికిత్స నూటికి ఎనిమిదిమందిలో విఫలమయ్యెను.

సిప్రోఫ్లాక్ససిన్ మొదలైన మందులను అమెరికా ఆరోగ్యశాఖ 1993లో సిఫారసు చేసి, 2007లో ఆ సిఫారసును ఉపసంహరించుకొనెను. సెఫిక్సీమ్ మాత్రలను 2012లో మొదటి వరుసనుండి తొలగించెను. మిగిలినది సెఫ్‌ట్రయాక్సోన్ సూదిమందు. దానికి తోడుగా ఇచ్చుచున్న అజిత్రోమైసిన్‌ను కూడ 2020 డిసెంబరులో విడనాడి, సెఫ్‌ట్రయాక్సోన్ మోతాదును 250 మిల్లీగ్రాములనుండి 500కు పెంచెను. ఎనుబది ఏండ్లలో ఇన్ని మందులు చేజారిన సూక్ష్మజీవులు ఎక్కువగా లేవు.

అన్ని సూక్ష్మజీవులును ఇట్లే ప్రవర్తించునని తలపరాదు. సవాయి అనబడు సిఫిలిస్ వ్యాధిని కలిగించు సూక్ష్మజీవి నేటికిని పెనిసిలిన్‌కు లొంగియే ఉన్నది. ఒకే మార్గమున వ్యాపించు రెండు వ్యాధులలో ఒకటి పాత మందుకే లొంగుట, రెండవది వచ్చిన ప్రతి మందును ధిక్కరించుట గమనింపదగినది. ఈ భేదమునకు కారణము గోనోకాకస్ స్వభావములోనే ఉన్నది.

నిరోధశక్తి ఎట్లు కలుగును?

మందు సూక్ష్మజీవికి నిరోధశక్తిని నేర్పదు. కోట్లకొలది సూక్ష్మజీవులు విభజన పొందునప్పుడు వాని జన్యువులలో అక్కడక్కడ మార్పులు సహజముగా కలుగుచుండును. మందు ప్రయోగించినప్పుడు లొంగునవి చచ్చి, దైవికముగా తగిన మార్పు కలిగియున్నవి బ్రతికి సంతానమును పెంచుకొనును. చేనిలో కలుపు తీయువాడు వరిని పోలిన కలుపుమొక్కలను గుర్తింపలేక వదలివేసినచో మరుసటి యేడు చేనంతయు అట్టి కలుపే మొలచునుగదా! ఇదియు అట్టిదే.

గోనోకాకస్ నాలుగు విధముల మందును ఎదిరించును. మొదటిది, మందును విరుగగొట్టు కిణ్వమును తయారుచేయుట. రెండవది, మందు వచ్చి అంటుకొను స్థానముయొక్క ఆకారమును మార్చుకొనుట. తాళము మార్చిన ఇంటికి పాత తాళపుచెవి పనికిరానట్లు అప్పుడు మందు అంటుకొనజాలదు. మూడవది, లోనికి వచ్చిన మందును వెలుపలికి తోడివేయు పంపులవంటి ప్రోటీనులను అధికముగా తయారుచేయుట. నాలుగవది, మందు లోనికి వచ్చు రంధ్రములను సన్నము చేసికొనుట.

వీనికి తోడు ఈ సూక్ష్మజీవికి ఒక అరుదైన నేర్పు కలదు. చుట్టుప్రక్కల చచ్చిన సూక్ష్మజీవులనుండి వెలువడిన డి.ఎన్.ఎ. తునకలను పీల్చుకొని తన జన్యువులలో అతుకుకొనగలదు. మన గొంతులో ఏ హానియు చేయక నివసించు నైసీరియా జాతులు అనేకము కలవు. మనము జ్వరమునకో, దగ్గునకో మ్రింగిన మందులను ఎదుర్కొని అవి నిరోధశక్తిని సంపాదించియుండును. గోనోకాకస్ గొంతులో చేరినప్పుడు ఆ చుట్టములనుండి సిద్ధముగా ఉన్న నిరోధ జన్యువులను అరువు తెచ్చుకొనును. సెఫిక్సీమ్, సెఫ్‌ట్రయాక్సోన్ మందులను ఎదిరించు జన్యువులలో పలుజాతులనుండి వచ్చిన తునకలు అతుకుల బొంతవలె కలిసియుండుట శాస్త్రజ్ఞులు చూచిరి. కావున లక్షణములు లేని గొంతు సంక్రమణములు ఈ కథలో పెద్ద పాత్ర వహించుచున్నవి.

మందు మానివేసినచో నిరోధశక్తి తానే తగ్గిపోవునని కొందరు ఆశింతురు. సిప్రోఫ్లాక్ససిన్ విషయమున ఆ ఆశ నెరవేరలేదు. దాని వాడుక తగ్గి ఏండ్లు గడచినను నిరోధము నిలిచియే ఉన్నది.

శక్తిని కొలుచు విధము

నిరోధశక్తిని కొలుచుటకు ముందు రోగినుండి తెచ్చిన సూక్ష్మజీవిని సజీవముగా పెంచవలెను. ఇది సులభము కాదు. గోనోకాకస్‌కు వేడిచేసిన రక్తము కలిపిన, చాకొలేటు రంగుగల ఆహారపు గడ్డ కావలెను. ఇతర సూక్ష్మజీవులు పెరిగి దానిని కప్పివేయకుండ కొన్ని మందులను ఆ గడ్డలో కలుపుదురు. 35 నుండి 37 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనము, కొంత అధికముగా బొగ్గుపులుసు వాయువును కావలెను. ఈ వాయువును సమకూర్చుటకు ప్రయోగశాలలలో అతి సులభమైన ఉపాయ మొకటి కలదు. పళ్ళెరములను ఒక పెద్ద జాడీలో ఉంచి, వెలుగుచున్న క్రొవ్వొత్తిని నిలిపి, మూత బిగింతురు. క్రొవ్వొత్తి కొంతసేపు మండి ఆరిపోవును. అప్పటికి జాడీలో ప్రాణవాయువు పూర్తిగా పోదు. బొగ్గుపులుసు వాయువు మాత్రము సుమారు 3 శాతమునకు చేరును. గోనోకాకస్‌కు అది చాలును.

పెరిగిన సూక్ష్మజీవులను మందు కలిపిన గడ్డలపై నాటుదురు. ఈ గడ్డలలో మందు పాళ్ళు ఒకదానికంటె మరియొకదానిలో రెట్టింపు ఉండును. మిల్లీలీటరుకు 0.008 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి 0.015, 0.03, 0.06, 0.125, 0.25, 0.5, 1, 2 అను వరుసలో సాగును. ఏ గడ్డపై సూక్ష్మజీవి పెరుగుట మొదటిసారిగా ఆగినదో ఆ పాలే ఆ మందుయొక్క కనిష్ఠ నివారక గాఢత. ఈ సంఖ్య ఎంత చిన్నదైన సూక్ష్మజీవి అంత లొంగుబాటు గలది. ఎంత పెద్దదైన అంత మొండిది.

క్యోటో నగరమున 2009లో ఒక స్త్రీ గొంతునుండి తీసి, 2011లో ప్రకటించిన గోనోకాకస్‌ను ఉదాహరణముగా తీసికొనవచ్చును. దానిపై సెఫ్‌ట్రయాక్సోన్ కనిష్ఠ నివారక గాఢత 2 మైక్రోగ్రాములు. యూరపు దేశములలో 0.125ను హద్దుగా పాటింతురు. అనగా క్యోటో సూక్ష్మజీవి ఆ హద్దునకు పదునారు రెట్లు పైన ఉండెను. మిగిలిన ఒక్క మందును అంతగా ధిక్కరించిన సూక్ష్మజీవి ప్రపంచములో కనుగొనబడుట అదే మొదటిసారి.

కాపలా ఏల?

ఒక్కొక్క రోగిని పరీక్షించి తగిన మందును ఇచ్చినచో చాలదా, దేశమంతటి లెక్కలు ఎందులకు అను ప్రశ్న సహజముగా పుట్టును. సూక్ష్మజీవిని పెంచి మందులతో పరీక్షించుటకు కొన్ని దినములు పట్టును. రోగిని అన్ని దినములు చికిత్స లేక ఉంచినచో అతని బాధ అటుంచి, వ్యాధి ఇతరులకు పాకును. తిరిగి వచ్చునన్న నమ్మకమును లేదు. కావున మొదటి దినముననే మందు ఇచ్చి పంపుదురు. మనదేశమున అనేక ఆసుపత్రులలో లక్షణములను బట్టియే చికిత్స జరుగును. ఏ మందు ఇవ్వవలెనో వైద్యునికి ముందే తెలిసియుండవలెను. ఆ తెలివి ఆ రోగిని పరీక్షించుటవలన రాదు. ఆ ప్రాంతమున ఇటీవల సేకరించిన నమూనాల లెక్కవలన వచ్చును.

ఒక మందుకు నిరోధము నూటికి 5కు చేరినచో ఆ మందును సాధారణ చికిత్సనుండి తొలగించి వేరొకటి సిఫారసు చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ఇది గోదావరి వంతెనవద్ద గీతవంటిది. నూటికి తొంబదియైదుగురు బాగగుచుండగనే మందును మార్చుట తొందరపాటుగా కనిపించును. కాని బాగుకాని ఐదుగురినుండి మొండి సూక్ష్మజీవియే ఇతరులకు పాకును గనుక ఐదు పది యగుటకును, పది ఏబది యగుటకును ఎక్కువ కాలము పట్టదు.

ఎన్ని నమూనాలు?

ఇచ్చట గణితోపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన లెక్క ఒకటి ఉన్నది. ఒక ఊరిలో నిజముగా నూటికి 5 సూక్ష్మజీవులు మందును ఎదిరించుచున్నవనుకొందము. ఒక నమూనా లొంగునది యగుటకు సంభావ్యత 0.95. ఇరువది నమూనాలు తీసినచో అన్నియు లొంగునవే యగుటకు సంభావ్యత 0.95ను ఇరువదిసార్లు హెచ్చించినచో వచ్చును. అది సుమారు 0.36. అనగా ఇరువది నమూనాలతో తృప్తిపడిన ప్రయోగశాల మూడింట ఒకసారికంటె ఎక్కువగా "నిరోధమే లేదు" అని పొరబడును. నూరు నమూనాలు తీసినచో అట్టి పొరపాటు సంభావ్యత 0.006, అనగా వేయింట ఆరు.

సంఖ్యతోపాటు ఎన్నికయు ముఖ్యము. మందు పనిచేయక తిరిగివచ్చిన రోగులనే పరీక్షించినచో నిరోధము ఉన్నదానికంటె అధికముగా కనిపించును. ఒక పట్టణపు ఆసుపత్రినే చూచినచో పల్లెల సంగతి తెలియదు. అమెరికాలో 1986లో ఆరంభమైన కాపలా పథకమున ఈ చిక్కును తప్పించుటకు ఒక సులభ నియమము పెట్టిరి. ఎంపికచేసిన ఒక్కొక్క ఆసుపత్రిలో ప్రతినెల వచ్చిన పురుష రోగులలో మొదటి 25 మంది నమూనాలను, ఎవరిని ఏరక, ప్రాంతీయ ప్రయోగశాలలకు పంపవలెను. ఏడాదికి ఒక్కొక్క చోటినుండి మూడువందలవరకు నమూనాలు చేరును.

వేర్వేరు ప్రయోగశాలల ఫలితములను పోల్చుటకు తూనికరాళ్ళవంటివి కావలెను. కనిష్ఠ నివారక గాఢత ముందే నిర్ణయింపబడిన ప్రామాణిక గోనోకాకస్‌లను ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్షమున ప్రయోగశాలలకు అందజేయుదురు. వానిపై సరియైన సంఖ్య రానిచో ఆ ప్రయోగశాల లెక్కలను నమ్మరాదు.

దేశదేశముల కాపలా

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యమున గోనోకాకస్ కాపలా కార్యక్రమము 1990 దశకమునుండి పలుప్రాంతములలో నడచుచున్నది. ఇంగ్లండు, వేల్సులలో 2000లో, యూరపు దేశముల ఉమ్మడి పథకముగా 2009లో ఇట్టి ఏర్పాట్లు జరిగెను. ఆగ్నేయాసియా ప్రాంతమునకు ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కేంద్రము ప్రధాన ప్రయోగశాలగా పనిచేయుచున్నది. మనదేశమున జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ క్రింద నడచు సుఖవ్యాధుల ప్రాంతీయ కేంద్రములలో హైదరాబాదులోని ఉస్మానియా వైద్య కళాశాల కేంద్ర మొకటి.

ఈ కాపలాకు ఆధునిక పరీక్షలే ఒక అడ్డంకియైనవి. సూక్ష్మజీవి జన్యుపదార్థమును గుర్తించు నూతన పరీక్షలు మూత్రపు నమూనాతోనే త్వరగా రోగనిర్ణయము చేయును. కాని వానిలో సూక్ష్మజీవి బ్రతికియుండదు, కావున మందులతో పరీక్షించుటకు వీలుకాదు. రోగనిర్ణయము సులభమైనకొలది సజీవ నమూనాలు తగ్గిపోయెను. ఇందుకు ప్రతిగా గోనోకాకస్ జన్యుపటమందలి సుమారు 22 లక్షల అక్షరములను పూర్తిగా చదివి, నిరోధ జన్యువులను గుర్తించి, ఒక దేశపు సూక్ష్మజీవికి వేరొక దేశపుదానితో బంధుత్వమును లెక్కకట్టుచున్నారు. ఐనను క్రొత్తరకపు నిరోధమును మొదట పట్టుటకు పాత పళ్ళెరమే ఆధారము.

కాపలావలని ప్రయోజనమునకు 2018లో ఇంగ్లండున జరిగిన ఉదంతము చాలును. ఆగ్నేయాసియాలో వ్యాధి సోకిన ఒక రోగికి సెఫ్‌ట్రయాక్సోన్ పనిచేయలేదు. అతని సూక్ష్మజీవి అజిత్రోమైసిన్‌ను కూడ తీవ్రముగా ఎదిరించునదని పరీక్షలవలన తేలెను. ఎర్టపెనెమ్ అను మందును మూడు దినములు నరమునకు ఎక్కించి అతనిని బాగుచేసిరి. ఒక సూదితో తీరవలసిన జబ్బు ఆసుపత్రి చికిత్సగా మారినది. వెంటనే ఇతర దేశములకు హెచ్చరిక వెళ్ళెను. ఆస్ట్రేలియాలోను అట్టి సూక్ష్మజీవియే ఆ యేడే పట్టుబడెను.

నేటి నీటిమట్టము

2025 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన లెక్కలు ఆలోచింపజేయునవి. భారతదేశముతో సహా 12 దేశములు 2024లో పంపిన సమాచారమునుబట్టి, సెఫ్‌ట్రయాక్సోన్ నిరోధము 2022లో 0.8 శాతముండగా 2024లో 5 శాతమునకు చేరెను. సెఫిక్సీమ్ నిరోధము 1.7నుండి 11 శాతమునకు పెరిగెను. సిప్రోఫ్లాక్ససిన్‌ను నూటికి 95 సూక్ష్మజీవులు ఎదిరించుచున్నవి. కంబోడియా, వియత్నాములలో నిరోధము అన్నిటికంటె అధికము. కావున ఈ సగటు సంఖ్యలు ప్రతి దేశమునకును అట్లే వర్తింపవు. అందువలననే ప్రతి దేశమును తన మట్టమును తానే కొలుచుకొనవలసి యున్నది.

ఆశకు తావు లేకపోలేదు. జోలిఫ్లోడాసిన్, జెపోటిడాసిన్ అను రెండు క్రొత్త మందులను సెగవ్యాధి చికిత్సకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 డిసెంబరులో అనుమతించెను. రెండును నోటితో తీసికొనదగినవే. మెదడుపొరల వాపును కలిగించు దగ్గరి చుట్టమైన సూక్ష్మజీవికై తయారైన టీకా సెగవ్యాధినుండియు కొంత రక్షణ నిచ్చునని తెలిసి, ఇంగ్లండు 2025 ఆగస్టులో అపాయము ఎక్కువగా ఉన్నవారికి దానిని వేయ నారంభించెను.

క్రొత్త మందులు వచ్చినంతమాత్రమున పాత కథ మారదు. సల్ఫా మందులు వచ్చినప్పుడును, పెనిసిలిన్ వచ్చినప్పుడును ఇంతటి ఆశయే ఉండెను. దుకాణమున అడిగి తెచ్చుకొన్న రెండు మాత్రలు మ్రింగి బాధ తగ్గగానే మానివేయుట, జలుబునకు ఆంటిబయోటిక్ వాడుట, వ్యాధిని దాచుకొని భాగస్వామికి చికిత్స చేయింపకపోవుట మొండి సూక్ష్మజీవులకు ఎరువు వేయుటయే. ఇదివరకటికిని ఇప్పటికిని ఒక భేదము ఉన్నది. 1943లో పెనిసిలిన్ ఎంతవేగముగా బలహీనపడుచున్నదో చెప్పు వ్యవస్థ ఏ దేశమునను లేదు. క్రొత్త మందులకు మొదటి దినమునుండియే ఆ కొలతను ఆరంభించుటకు పళ్ళెరములు, ప్రామాణిక సూక్ష్మజీవులు, శిక్షణ పొందిన చేతులు నేడు ఉన్నవి. ప్రతినెల నమూనాలు తప్పక పంపు ఆసుపత్రులు ఎన్ని ఉండునో, ఆ మందులు అంతకాలము మనకు దక్కును.